జమ్ముమడుగుకు మొదటి ర్యాంకు

ఒక పెద్ద అడవిలో, అని మొదలుపెట్టాను గానీ అది అంత పెద్దదేమీ కాదు. చిన్నడవి అంటే మీరు చులకన చేస్తారని పెద్దది చేశాను. పర్యాటకం గురించి రాయడానికి నాకున్న అర్హత కూడా ఈపాటిదే. నేను చూసిన యాత్రాస్థలం ఒక్క తిరుమల. అక్కడైనా నేను కళ్ళారా చూసింది క్యూలో నా ముందున్న ఆసామి వీపు. దాని గురించి అడిగితే గంటసేపు చెప్పగలను. ఈ అడవి సంగతులు మాత్రం విన్నవే.

ఆ అడవి నడుమ జమ్ముమడుగని ఒక మడుగు. నీళ్ళలోనే మొలిచి నీళ్ళలోనే నిలబడ్డ కడపచెట్లు. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గుంపులు గుంపులుగా వచ్చి ఆ చెట్ల మీద దిగేవి. గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేసరికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయేవి.

ఊరికే వెళ్ళేవి కావు. మడుగులో చేపలు తిన్నంత తిని, కూర్చున్న కొమ్మ మీది నుంచే మడుగులోకి రెట్ట వేసేవి. సున్నం కొట్టినట్టు చెట్లు తెల్లబడేవి. ఆ రెట్టకు నీళ్ళు పచ్చగా చిక్కబడేవి. ఆ పచ్చదనం తిని చేపపిల్లలు బలిసేవి. పక్షులు ఎన్ని తిన్నా మళ్ళీ అన్ని చేపలు పుట్టేవి. అతిథులు అక్కడ పెట్టే ఖర్చంటే అదే. పక్షులకు జేబులుండవు కదా.

కంపు మాత్రం ఉండేది, అబద్ధమెందుకు. మడుగు ఒడ్డున కాపురముండేవాళ్ళు దాన్ని పట్టించుకునేవారు కాదు. "ముక్కుకు కంపు, మూతికి సొంపు" అనుకుని ముక్కు మూసుకుని భోంచేసేవాళ్ళు.

అట్లా భోంచేసేవాళ్ళలో ఓబులేసు అనే నీరుకుక్క ఒకడు. ఒడ్డున బొరియ, బొరియలో పెళ్ళాం చెంచమ్మ, ఏటా ఒక కాన్పు. పులికి జింక దొరక్కపోతే దుప్పి ఉంటుంది. ఓబులేసుకు చేప తప్ప వేరే వంట తెలియదు.

అంతా సవ్యంగానే ఉండేది. అడవులకు ర్యాంకులివ్వడం మొదలయ్యేదాకా.

అన్ని అడవులకూ కలిపి ఒక సమాఖ్య ఉంది. ఏ అడవికి అతిథుల్ని ఆకట్టుకునే సత్తా ఎంత ఉందో ఏటేటా తేల్చి ర్యాంకులు ప్రకటించాలని ఆ సమాఖ్య తీర్మానించింది. తనిఖీ ఉద్యోగం దివాంధంగారికి ఇచ్చింది. దివాంధంగారు గుడ్లగూబ. సమాఖ్య పనివేళలు పగలు. గుడ్లగూబకు పగలు కళ్ళు కనబడవు. కనబడవని చెప్పుకుంటే ఉద్యోగం ఉండదు. అందుకని ఆయన ఏ అడవికి వెళ్ళినా ఒక కొమ్మ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గంభీరంగా గాలి పీల్చి ర్యాంకు ఇచ్చేవాడు. చూసినవాళ్ళు ధ్యానం అనుకునేవాళ్ళు.

మొదటి ఏడాది ఫలితాలొచ్చాయి. పక్షులతో కిటకిటలాడుతున్న జమ్ముమడుగు అడవిది ఆఖరి ర్యాంకు. మొదటి ర్యాంకు పక్కనున్న బోడిగుట్టకు. బోడిగుట్టలో ఉన్నవల్లా నాలుగు బండలూ, ఎప్పుడో ఎవరో రాళ్ళు తవ్విపోయిన క్వారీ గుంటలో కాసిన్ని నీళ్ళూ. అక్కడికి ఎవరూ రారు. రారు కనుక ఏ వాసనా లేదు.

జమ్ముమడుగు పాలకసంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడు జాంబయ్య, ఎలుగుబంటి. అరచేతులకెప్పుడూ తేనె అంటుకుని ఉండేది కనుక ఏ కాగితం పట్టుకున్నా వదిలేవాడు కాదు, కుర్చీ కూడా. సాంస్కృతిక సభ్యుడు కలాపంగారు, నెమలి. మిగతావాళ్ళు కుందేళ్ళూ దుప్పులూ, చెయ్యెత్తమంటే ఎత్తేవాళ్ళు. ఒక మూల అడవిపంది భద్రయ్య, ఎవరూ అడక్కుండా మాట్లాడేవాడు. ఇంతమందిలో చేప తినేవాడు ఒక్కడూ లేడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. వాళ్ళకు గుర్తుండదు.

"పరువు పోయిందయ్యా," అన్నాడు జాంబయ్య. "బోడిగుట్ట కంటే మనం కిందా? ఆ గుట్టకు బల్లి కూడా చుట్టపుచూపుగా పోదే."

"బల్లి పోనిదానికి ర్యాంకు వచ్చిందంటే ఆ ర్యాంకు దేనికో కనుక్కోవాలి కదా," అన్నాడు భద్రయ్య.

"నువ్వు బురదలో పొర్లేవాడివి. నీకు ర్యాంకులెందుకు?" అన్నాడు కలాపంగారు.

ఎప్పటిలాగే, లోపలివాళ్ళకు తెలియనిది బయటివాడికి తెలుస్తుందని తీర్మానించారు. బయటి నుంచి నీలకంఠాన్ని రప్పించారు. నీలకంఠం పాలపిట్ట. దసరా నాడు ఒక్కసారి కళ్ళబడితే చాలు, చూసినవాళ్ళకు ఏడాది పొడుగునా జయమని పేరు. మిగతా రోజుల్లో ఆయన ఏం చేస్తాడో ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

నీలకంఠం మడుగు మీద ఒక్క చుట్టు తిరిగి, రెక్కల నీలం అందరికీ కనబడేలా వాలాడు.

"అధ్యక్షా, సూత్రం చిన్నది. ఖర్చు పెరిగితే అడవి పోటీలో ముందుకొస్తుంది. ఎక్కడైనా ఇంతే."

"ఎవరి ఖర్చు? మనదా, వచ్చేవాళ్ళదా?" అన్నాడు భద్రయ్య.

నీలకంఠం నవ్వాడు. "ఖర్చుకు ఎవరిదని ఉండదు భద్రయ్యగారూ. ఖర్చు ఖర్చే."

కుందేళ్ళు తలలూపాయి. అర్థం కాని మాటకు తలూపడం కుందేళ్ళకు పుట్టుకతోనే వస్తుంది.

ఇంటికింతని ఇప్పపూలు వసూలు చేశారు. ఆ పూలతో కూలి ఇచ్చి అడవి మొగదల స్వాగత తోరణం కట్టించారు. తోరణం మీద నెమలి బొమ్మ. వచ్చే అతిథులు ఆకాశంలోంచి వస్తారు కనుక తోరణం కింద నుంచి ఎవరూ వచ్చే అవకాశం లేదని ఎవరికీ తట్టలేదు. మడుగు ఒడ్డున నృత్యవేదిక కట్టించారు. నెమలి ఆడేది వానకాలం, పక్షులు వచ్చేది చలికాలం. "కళకు కాలమేమిటి?" అన్నాడు కలాపంగారు. పూలు మిగిలితే అధ్యక్షుడు తిన్నాడు.

"ఇదంతా బానే ఉంది. కంపు సంగతేంటి?" అన్నాడు జాంబయ్య. "దివాంధంగారు మళ్ళీ ఆ కొమ్మ మీదే కూర్చుంటాడు."

"మనం పెట్టేది ఖర్చు, వాళ్ళు పెట్టేది కంపు," అన్నాడు కలాపంగారు. "ఈ రెండూ ఒకచోట ఇమడవు."

నీలకంఠం దానికీ ఉపాయం చెప్పాడు. పక్షులు కూర్చునే ప్రతి చెట్టు కిందా నీళ్ళకు పైగా తాటాకు చాపలు కట్టాలి. రెట్టంతా చాపల మీద పడుతుంది. రోజూ చాపలు దులిపి దూరంగా బండల మీద పారబోయాలి. మడుగులో చుక్క పడకూడదు.

నీళ్ళ మీద ఆ పని చేయగలవాడు ఓబులేసు ఒక్కడే. పిలిచి, మెడలో గురివింద గింజల దండ వేసి, "శుభ్రతా రక్షకుడు" అని బిరుదిచ్చారు. కూలి కింద ఏమిస్తారని ఓబులేసు అడగలేదు. దండ చూసుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఏమయ్యా, మెళ్ళో అదేంది?" అంది చెంచమ్మ.

"ఉద్యోగం."

"తినేదా, కట్టుకునేదా?"

"నీకు చెప్పినా తెలీదులే. చెట్ల కింద చాపలు దులిపే పని. ఇకమీద ప్రెసిడెంటుగారు నన్ను పేరు పెట్టి పిలుస్తాడు."

"ఇన్నాళ్ళూ పిలవలేదు, బతకలేదా? ఏటా ఒక కాన్పాయె. ఆ చాపలు మోసి మోసి అలిసిపోతే చేపలు ఎవరు పడతారు?"

"మడుగులో చేపకేం కరువు?" అన్నాడు ఓబులేసు. ఆ మాట అన్నప్పుడు నిజమే.

చలికాలం వచ్చింది. పక్షులొచ్చాయి. గూడబాతులకు పెద్దదిక్కు వెంగమ్మ. ముక్కు కింద వేలాడే సంచిలో అరమడుగు పట్టేంత మనిషి. మనిషి అన్నాను, ఏమనుకోకండి, అలవాటు. ఆమె తన పాత కొమ్మ మీద కూర్చుని, కిందికి చూసి, చాపను చూసి, చాప మీద నిలబడ్డ ఓబులేసును చూసింది.

"ఏందల్లుడా, మా కింద పందిరేశారు? పెళ్ళా?"

"మీరు రెట్ట వేస్తే మడుగులో పడకుండా అత్తా. ప్రెసిడెంటుగారి ఆర్డరు."

"మడుగులో పడకుండానా?" వెంగమ్మ పక్కనున్న కొంగ వైపు తిరిగింది. "విన్నావా? చుట్టమొచ్చి చేతిలో పండ్లు పెడితే, తీసి గోడవతల పారేస్తారంట."

అప్పటికి ఓబులేసు నవ్వాడు. మెడలో దండ ఉన్నవాడికి చుట్టాల మాటలు సరదాగానే ఉంటాయి.

కొన్నాళ్ళకు చాపలు కూడా చాలవని తేలింది. గాలికి కొంత పక్కకు పడుతోంది. సంఘం ఇంకో నిబంధన తెచ్చింది. రెట్ట వేయదలచిన అతిథులు ముందుగా బండల దాకా ఎగిరివెళ్ళి, అక్కడ పని ముగించుకుని రావలెను. ఓబులేసు చెట్టు చెట్టుకూ వెళ్ళి చాటించాడు.

ఈసారి వెంగమ్మే అధ్యక్షుడి దగ్గరకు నడిచివెళ్ళింది. గూడబాతు నడక చూసి నవ్వనివాళ్ళుండరు. ఆ రోజు ఆమె ముఖం చూసి ఎవరూ నవ్వలేదు.

"అయ్యా, మేం బరువుగల జాతి. ఎగరాలంటే ముందు కడుపు ఖాళీ చేసుకోవాల. కడుపు ఖాళీ చేసుకోడానికే ఎగిరిపోవాలంటున్నారు. మీరే చెప్పండి, ముందు ఏది చెయ్యమంటారు?"

జాంబయ్య నీలకంఠం వైపు చూశాడు. నీలకంఠం ఆకాశం వైపు చూశాడు.

"నిబంధన అందరికీ ఒకటేనమ్మా," అన్నాడు జాంబయ్య. "నీకొక్కదానికి సడలిస్తే రేపు కొంగలొచ్చి అడుగుతాయి."

"మిమ్మల్ని మేమేమడిగాం? తోరణం అడిగామా, ఆట అడిగామా? తిన్నచోట మా వంతు వేసి పోతామన్నాం."

"అదే వద్దంటున్నాం," అన్నాడు కలాపంగారు, తోక సర్దుకుని. "మీరు రండి, కనబడండి, వెళ్ళండి. వెయ్యకండి."

ఆ ఏడు దివాంధంగారు కళ్ళు మూసుకుని గాలి పీల్చి, పోయినేటికన్నా మేలన్నాడు. జమ్ముమడుగు నడిమి ర్యాంకుకు ఎగబాకింది. ఉత్సాహం వచ్చి ఇంకో విడత ఇప్పపూలు వసూలు చేసి ఒడ్డంతా మొగలి పొదలు నాటించారు. ముళ్ళు గుచ్చుకుని కొంగపిల్లలు అరిచాయి. అది స్వాగతగీతమని కలాపంగారు అతిథులకు వివరించాడు. పక్షులు ఎండలు ముదరకుండానే వెళ్ళిపోయాయి.

ఆ వానకాలం మడుగు నిండింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎన్నడూ లేనంత తేట. కలాపంగారు రోజూ పొద్దున్నే వచ్చి ఆ నీళ్ళలో తన్ను తాను చూసుకుని, అభివృద్ధంటే ఇదీ అనేవాడు.

ఓబులేసు కూడా ఆ నీళ్ళలోకి చూసేవాడు. ఇదివరకు ఒక్క మునకకు ఒక చేప. ఇప్పుడు మునిగి మునిగి ఊపిరి అందక పైకొస్తే నోట్లో నాచు పోగు కూడా లేదు. చెంచమ్మకు ఆ కాన్పులో నలుగురు పుట్టారు. పాలు చాలక వాళ్ళ అరుపు పిల్లి అరుపులా సన్నగా ఉండేది. ఒకటి రెండు పీతలు దొరికిన రోజు పండగ. ఆ పీతలు పెళ్ళానికి పెట్టి, తాను తిన్నానని అబద్ధమాడేవాడు. చెంచమ్మ నమ్మినట్టే ఉండేది.

ఒకరోజు ధైర్యం చేసి అధ్యక్షుడి దగ్గరకు వెళ్ళాడు.

"అయ్యా, మడుగులో చేప తగ్గిపోయింది. చాపలు విప్పేద్దామయ్యా. వచ్చేసారి పక్షుల్ని వాటి ఇష్టానికి వదిలేద్దాం."

"ఓబులేసూ, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూశావా? అడుగు కనబడుతోంది."

"అడుగే కనబడుతోందయ్యా. చేప కనబడటం లేదు."

"నువ్వు ఉద్యోగివి. ఉద్యోగి కడుపు గురించి మాట్లాడకూడదు," అన్నాడు జాంబయ్య, తేనెపట్టు విరుచుకుంటూ. "ఇంకొక్క ఏడాది. మొదటి ర్యాంకు రానీ. ర్యాంకు వస్తే అతిథులు విరగబడతారు, అప్పుడు చేపలు కూడా వాటంతటవే వస్తాయి."

ఇంత పెద్ద అధ్యక్షుడు అబద్ధం చెబుతాడా అనుకున్నాడు ఓబులేసు. నేనైనా అంతే అనుకునేవాణ్ణి.

చలికాలం మళ్ళీ వచ్చింది. గుంపు రాలేదు. వెంగమ్మ ఒక్కతే వచ్చింది. ఒక చుట్టు తిరిగి మడుగులో దిగి, ముక్కు సంచిని నీళ్ళలో ముంచి ఎత్తింది. నీళ్ళు జారిపోయాయి. సంచిలో ఏమీ మిగల్లేదు. ఇంకోచోట ముంచింది. అక్కడా అంతే.

ఓబులేసు ఈదుకుంటూ వచ్చాడు.

"అత్తా, వాళ్ళేరి? ఎప్పుడొస్తారు?"

"రారబ్బాయ్. నేను చూసిపోదామని వచ్చినా." అతని పక్కటెముకలు చూసింది. "నువ్వేంది ఇట్లైపోయినావు?"

"ఈసారికి ఉండండత్తా. మీరు వేస్తే మళ్ళీ పచ్చబడతాయి నీళ్ళు. చాపలు నేనే విప్పేస్తాను. ఎవరికీ చెప్పను."

"ఎవరికీ చెప్పకుండా ఎంతకాలం విప్పుతావు? చెట్టుకొక చాప కట్టించినోళ్ళు చెట్లు కొట్టించలేరా?" వెంగమ్మ రెక్కలు విదిలించింది. "వేసింది పచ్చబడి, చేపలు పెరిగేదాకా మా పిల్లలేం తినాల? మేం పోయినేడు ఇక్కడ లేచినప్పుడే బోడిగుట్ట క్వారీ గుంటలో దిగినాం, ఇప్పుడు దాంట్లో చేపలుండాయి. చిన్నదే. కంపు కొడతా ఉంది, బాగుంది. నీ పిల్లల్ని తీసుకోని నువ్వూ రా."

"ఇల్లు ఇక్కడుంది కదత్తా. ఉద్యోగం ఉంది."

"మీది బాగుంది నాయనా," అంది వెంగమ్మ, కడపచెట్లనూ మొగలి పొదల్నీ తోరణాన్నీ చూసి. "మరీ బాగుంది. మాలాంటోళ్ళం ఇక్కడ కూర్చోలేం."

ఆమె ఎగిరేముందు చాప మీద కాకుండా, సరిగ్గా మడుగు నడుమ తన వంతు వేసి వెళ్ళింది. అంత మడుగుకు అది ఏమూలకు?

ఆ నెలలోనే దివాంధంగారు వచ్చాడు. కొమ్మ మీద కూర్చున్నాడు. కళ్ళు మూశాడు. గాలి పీల్చాడు. మొగలి వాసన తప్ప ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు. ఆయన ముఖంలో ఎన్నడూ లేని ప్రశాంతత కనిపించింది.

జమ్ముమడుగుకు మొదటి ర్యాంకు. బోడిగుట్టకు ఆఖరిది.

సన్మానసభ నృత్యవేదిక మీద పెట్టారు. దివాంధంగారికి శాలువా, నీలకంఠానికి శాలువా, కలాపంగారికి శాలువా. అధ్యక్షుడికి వేయడానికి శాలువా చాలక రెండు కలిపి కుట్టారు. నీలకంఠం మాట్లాడుతూ, తాను వచ్చినప్పుడు ఆఖరున ఉన్న అడవి ఇవాళ మొదట ఉందనీ, ఈ రెంటికీ నడుమ జరిగినదంతా ఖర్చేననీ అన్నాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"ఇంతకూ ఈ ఏడు ఎందరొచ్చారు?" అని వెనక నుంచి భద్రయ్య అడిగాడు.

"ఎందరొచ్చారన్నది పాత లెక్క," అన్నాడు నీలకంఠం. "ఎందరు రావడానికి మనం సిద్ధంగా ఉన్నాం అన్నది కొత్త లెక్క."

కుందేళ్ళు చప్పట్లు కొట్టాయి.

చివరికి శుభ్రతా రక్షకుణ్ణి వేదిక మీదకు పిలిచారు. ఓబులేసు ఎక్కాడు. నడుస్తుంటే గురివింద దండ ఎముకల మీద గలగలలాడింది. రెండు మాటలు చెప్పమన్నారు.

"మా చిన్నది రాత్రి నుంచి లేవలేదు," అన్నాడు ఓబులేసు. "మడుగులో చేప లేదు. ఎవరన్నా ఒక్క చేప ఇప్పిస్తే..."

కలాపంగారు ముందుకు వంగి మెల్లిగా అన్నాడు, "ర్యాంకు వచ్చిన పూట చేప మాటేమిటయ్యా? వాసన."

ఓబులేసు అందరి ముఖాల్లోకీ చూశాడు. తేనె తినే నోరు, గింజలు తినే నోరు, గడ్డి తినే నోళ్ళు. చేప అంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదని అతనికి అప్పుడు అర్థమైంది. దండ తీసి అధ్యక్షుడి ముందు పెట్టాడు. అది ఆయన చేతి తేనెకు అంటుకుపోయింది.

ఇంటికొచ్చి, లేవలేని పిల్లను తాను నోట కరుచుకున్నాడు. ఇంకోదాన్ని చెంచమ్మ కరుచుకుంది. మిగతా ఇద్దరూ వెనకాల తడబడుతూ నడిచారు. స్వాగత తోరణం కట్టినప్పటి నుంచీ దాని కింద నుంచి ఒక కుటుంబం నడవడం అదే మొదలు. అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు.

పొలిమేర దాటేసరికి బోడిగుట్ట వైపు నుంచి గాలి వచ్చింది. చిక్కటి, ఘాటైన, రెండేళ్ళుగా తగలని కంపు. నోట్లో ఉన్న పిల్ల కదిలింది. ముక్కు ఎగబీల్చింది.

అంతలో తలమీదుగా నీలం రెక్కలు మెరిశాయి. నీలకంఠం బోడిగుట్ట వైపు పోతున్నాడు. ఆఖరి ర్యాంకు వచ్చిన అవమానం భరించలేక అక్కడి పాలకసంఘం కబురు పెట్టింది. కాళ్ళలో నమూనాకు ఒక తాటాకు చాప ముక్క.

ఓబులేసు పిల్లను కింద దించి, ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"ఆయన ముందు చేరతాడా, మనమా?" అంది చెంచమ్మ.

"ఆయనకు రెక్కలుండాయి."

"మరి నిలబడతావేంది? మీటింగు పెట్టాల, పూలు వసూలు చెయ్యాల, తోరణం కట్టాల. అదంతా అయ్యి చాపల దాకా వచ్చేలోపల పిల్లలు నాలుగు పూటలు తింటారు. నడువు."

ఓబులేసు పిల్లను మళ్ళీ నోట కరుచుకున్నాడు. కంపు ఎటు నుంచి వస్తోందో అటే నడిచారు.

కథ విన్నాక నీతి లేకపోతే నిద్రపట్టనివాళ్ళకు: ఇల్లు శుభ్రంగా ఉండాలంటే, చుట్టాలు రాకుండా చూసుకోవడాన్ని మించిన చీపురు లేదు.